పదిహేడు సంచులు, ఒక చెత్తబుట్ట

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. హైదరాబాద్ నిజాంపేటలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఏడాదిగా పర్యావరణానికి హాని చేయని వస్తువులే కొనాలని పట్టుబట్టాను. వెదురు బ్రష్షులు, స్టీల్ స్ట్రాలు, గాజు సీసాలు కొన్నాను. గుడ్డ సంచులైతే మొన్న లెక్కపెడితే 17 తేలాయి. ఆర్గానిక్ సరుకులు మొదలుపెట్టాక నెల ఖర్చు ఆరేడు వేలు పెరిగింది. మా ఆయన "నువ్వొక్కదానివి మారితే లోకం మారిపోతుందా" అని నవ్వుతారు. అత్తయ్య పాత ప్లాస్టిక్ డబ్బాలు పారేయనివ్వరు. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్ మానలేకపోతున్నాను, వాడినప్పుడల్లా తప్పు చేసినట్టు ఉంటుంది. వచ్చే నెల బాబు పుట్టినరోజు, అరవై మంది వస్తారు, పేపర్ ప్లేట్లు వాడితే పర్లేదా? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది వదిలేయాలి?

సమాధానం:

ముందు ఆ 17 సంచుల సంగతి తేల్చేద్దాం.

2011లో బ్రిటన్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఒక లెక్క వేసింది. నూలు సంచి తయారీ వాతావరణానికి చేసే నష్టం, ఒక్కసారి వాడి పారేసే పల్చటి కవరు చేసే నష్టం స్థాయికి దిగాలంటే ఆ సంచిని 131 సార్లు వాడాలని తేలింది. పత్తికి పోసిన నీళ్ళు, చల్లిన ఎరువులు, పురుగుమందులు, తర్వాత వడకడం, నేయడం, రంగులద్దడం, ఇవన్నీ ఆ సంచి ఖాతాలోనే పడతాయి మరి. ఇప్పుడు మీ ఇంటి లెక్క చూడండి. 17 సంచులు, ఒక్కోటి 131 సార్లు, మొత్తం 2,227 సార్లు. వారానికి రెండుసార్లు బజారుకి వెళ్ళినా 21 ఏళ్ళు పడుతుంది. అప్పటికి మీ బాబుకి సంబంధాలు చూస్తుంటారు.

అలాగని కవరే నయం అనడం లేదు. ఆ లెక్క వాతావరణం వరకే వేశారు. నాలాకి అడ్డంపడి వాన నీళ్ళని వీధిలోకి తన్నేది, ఆవు కడుపులో ముద్ద కట్టేది కవరే కాబట్టి నేనూ సంచే పట్టుకెళ్తాను. కాకపోతే మొదటి సంచి అవసరం, రెండోది పర్లేదు, పదిహేడోది ఉత్త షాపింగ్, దానికి మనం పెట్టుకున్న మంచి పేరు పర్యావరణం. కోపం తెచ్చుకోకండి, నా దగ్గర పదకొండున్నాయి.

ఇక కొనకండి. ఒకటి స్కూటీ డిక్కీలో, ఒకటి మీ ఆయన ఆఫీసు బ్యాగులో, ఒకటి గుమ్మం పక్కన చెప్పుల స్టాండు పైన మేకుకి పెట్టండి. మనం కవరు తెచ్చుకునేది ఇంట్లో సంచి లేక కాదు కదా, ఆఫీసు నుంచి వస్తూ దారిలో టమాటాలు కనిపించినప్పుడు చేతిలో లేక. మిగతావి మీ వీధిలో కూరగాయల బండి ఆమెకిచ్చేయండి, కవరడిగిన వాళ్ళకి ఆమే ఇస్తుంది.

మరో మాట, చీరల షాపుల్లో ఇచ్చే రంగురంగుల సంచుల్ని గుడ్డవి అనుకుంటాం. చాలావరకు అవి పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. మూల దగ్గర గిల్లి లాగి చూడండి, నేసిన దారం రాదు, పీచులా ఊడుతుంది. బాల్కనీలో ఎండకి కొన్ని నెలలు వేలాడదీస్తే పట్టుకోగానే పొడిపొడిగా రాలుతుంది, ఆ పొడి కాలవలోకే పోతుంది. ఇంట్లో ఉన్నవి చిరిగేదాకా వాడండి, కానీ గుడ్డ సంచి వాడుతున్నానని మురిసిపోకండి.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కదా. సింకు కింద చెత్తబుట్ట దగ్గర మొదలుపెట్టండి. ఒక్క వారం కొత్త వస్తువేదీ కొనకుండా, పొద్దున చెత్తబండికి వేసే ముందు బుట్టలో ఏమున్నాయో చూసి ఫ్రిజ్ మీద అంటించిన కాగితం మీద రాయండి. తూకాలు అక్కర్లేదు, పేర్లు చాలు.

నేను రెండేళ్ళ క్రితం ఈ పని చేశాను. కాగితం నిండా ప్లాస్టిక్కే ఉంటుందనుకున్నాను. ఏం తేలిందో తెలుసా? కొత్తిమీర, అదీ కవరులోనే నీరుకారి ఆకుపచ్చ ముద్దయిపోయిన కట్ట. రెండు రోజుల సాంబారు. పండి ఎర్రబడ్డ దొండకాయలు. బ్రెడ్డు చివరి నాలుగు ముక్కలు. పిల్లలు వదిలేసిన అన్నం. మళ్ళీ శనివారం కొత్తిమీర. ప్లాస్టిక్ ఉంది, కానీ అంతకంటే ఎక్కువ తిండి ఉంది, అదీ నేనే బేరమాడి కొని, మోసుకొచ్చి, కడిగి, ఫ్రిజ్‌లో సర్ది, వారం తర్వాత తీసి పారేసిన తిండి. ఐక్యరాజ్యసమితి 2024లో ఇచ్చిన ఆహార వృథా నివేదికలో మన దేశపు ఇళ్ళలో మనిషికి ఏడాదికి 55 కిలోలు పోతోందని అంచనా వేశారు, తొక్కలు గింజలు కలుపుకొని. మీ ఐదుగురికీ 275 కిలోలు, అంటే బరువులో 25 కిలోల బియ్యం బస్తాలు 11. పారేసినప్పుడు ఆ కూరగాయ ఒక్కటే పోదు, దానికి పెట్టిన నీళ్ళు, యూరియా, లారీ డీజిల్ అన్నీ పోతాయి. పోయి జవహర్‌నగర్ చెత్త గుట్టలో గాలి తగలకుండా కుళ్ళి మీథేన్ అవుతుంది, అది కార్బన్ డయాక్సైడ్ కంటే చాలా రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచే వాయువు.

కాబట్టి మొదటి మార్పు ఖర్చులేనిది. రైతుబజారులో చవగ్గా ఉందని మూడేసి కిలోలు తెచ్చేస్తాం, ఆదివారం మధ్యాహ్నం ఫ్రిజ్ పెళ్ళివారిల్లులా కళకళలాడుతుంది, గురువారానికి సగం వాడిపోతుంది. నేనిప్పుడు నాలుగు రోజులకి సరిపడా తెస్తాను, ఐదో రోజు పప్పో, పచ్చడో. కొత్తిమీర వేర్లు కోసేసి, తడి ఆరాక పాత నూలుపంచె ముక్కలో చుట్టి డబ్బాలో పెడితే వారం పైనే ఉంటుంది. ఫ్రిజ్‌లో ముందు వరసలో "ఇవాళ అయిపోవాల్సినవి" అని ఒక గిన్నె పెట్టాను. మొదట్లో ఇంట్లో నవ్వారు, ఇప్పుడు మా అబ్బాయి రాత్రి పదింటికి ఆకలేస్తే నేరుగా ఆ గిన్నె దగ్గరికే వెళ్తాడు.

యాప్ సంగతి కూడా ఇక్కడే వస్తుంది. బండి మీద ఒక మనిషి సరుకులు తేవడం పాపమేం కాదు, మీరు కారు తీసి సూపర్ మార్కెట్‌కి వెళ్ళడం కంటే అదే నయం కావచ్చు. తిరకాసంతా రోజుకి మూడుసార్లు తెప్పించడంలో ఉంది. పెరుగు ప్యాకెట్‌కి ఒక సంచి, పచ్చిమిర్చికి ఒక సంచి, పైగా డెలివరీ ఫ్రీ కావాలంటే ఇంకో 60 రూపాయలవి కొనమంటుంది కాబట్టి అవసరం లేని చిప్స్ ప్యాకెట్ ఒకటి. ఆ చిప్స్ కవరు రకరకాల పొరలు అతికించి చేసింది, పాతసామాన్ల వాడు కూడా తీసుకోడు. యాప్ తీసేయమని చెప్పను, రెండు రోజుల్లో మళ్ళీ ఎక్కించుకుంటారు. గుర్తొచ్చినవి కార్టులో వేసి వదిలేయండి, బుధవారం ఒకసారి, శనివారం ఒకసారి చూసి తెప్పించండి. అప్పటికి సగం వస్తువులు అక్కర్లేదని మీకే అనిపిస్తుంది. లేదా మీ వీధి చివర కిరాణా అతనికి వాట్సాప్‌లో లిస్టు పెట్టండి, అట్టపెట్టెలో సర్ది పంపిస్తాడు, ఆ పెట్టె వెనక్కిస్తే తీసుకుంటాడు కూడా. రాత్రి పిల్లాడికి జ్వరమొచ్చినప్పుడు మాత్రం యాప్ వాడండి, ఏ బాధా పెట్టుకోకండి.

ఇప్పుడు ఆ ఆరేడు వేలు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, మీ డబ్బు ఎక్కువగా పోతున్నది ఇక్కడే.

"నేచురల్", "ఎకో ఫ్రెండ్లీ", "ఫార్మ్ ఫ్రెష్" అని ప్యాకెట్ మీద ఆకుపచ్చ అక్షరాలతో రాయడానికి సిరా తప్ప ఇంకేం ఖర్చు లేదు. ఇలాంటి మాటలు ఊరికే వాడకూడదు, ఆధారం చూపించాలి అని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది, అయినా దుకాణంలో అరల ముందు నిలబడితే మీకే కనిపిస్తుంది పరిస్థితి. మీ వెదురు బ్రష్షే తీసుకోండి, పిడి వెదురే, కుచ్చు మాత్రం మామూలుగా నైలాన్. పారేసేముందు కుచ్చు పీకేస్తేనే పిడి మట్టిలో కలుస్తుంది. అది ఎవరూ చెప్పరు.

ఆర్గానిక్ కొంటే గుర్తులు చూడండి. ప్యాకెట్ మీద ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళ జైవిక్ భారత్ లాంటి అధికారిక ముద్ర ఉండాలి. రైతులు గుంపుగా ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసి ఇచ్చుకునే గుర్తింపు పీజీఎస్. పీజీఎస్ గ్రీన్ అని ఉంటే ఆ రైతు ఇంకా మారే దశలో ఉన్నాడని, పీజీఎస్ ఆర్గానిక్ అంటే మారడం పూర్తయిందని అర్థం. నేరుగా మీకు అమ్మే చిన్న రైతుకి ఈ ముద్రలు లేకపోవచ్చు, అది మోసం కాదు, నేరుగా అమ్ముకునే చిన్న రైతులకి నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. అలాంటి చోట ముద్ర కంటే మాట్లాడటం మేలు: ఏ ఊరు, తెగులొస్తే ఏం కొడతారు, ఈ నెలలో ఇది పండుతుందా అని అడగండి. నిజంగా పండించేవాడు ఈ ప్రశ్నలకి సంతోషంగా అరగంట మాట్లాడతాడు, తెచ్చి అమ్మేవాడు తూకం వేయడంలో మునిగిపోతాడు.

కానీ అన్నీ ఆర్గానిక్ చేసేయాలనుకోవడం నాకు నచ్చలేదు. ఆర్గానిక్ పంచదార, ఆర్గానిక్ బిస్కెట్, ఆర్గానిక్ నూడుల్స్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వాటిని ఈ నెలే మానేయండి, ఖర్చు సగం తగ్గుతుంది. మిగిలిన డబ్బుని రెండింటి మీద పెట్టండి, పప్పులు, చిరుధాన్యాలు. కంది, పెసర, మినుము వేర్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి తెస్తుంది, అందుకే వాటికి యూరియా పెద్దగా అక్కర్లేదు, నీళ్ళూ వరితో పోలిస్తే చాలా తక్కువ. వరి మడిలో నీళ్ళు నిలిచి ఉండటం వల్ల అడుగు మట్టిలోంచి మీథేన్ వస్తుంది. అన్నం మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, నేనూ మానలేదు. వారంలో రెండు రాత్రులు జొన్నరొట్టెలు చేయండి, లేదా కొర్రలతో ఉప్మా. పిల్లలు తినరంటారా, వేడివేడి రొట్టె మీద నెయ్యి వేసి, పక్కన పల్లీల పొడి పెట్టి చూడండి.

ఈ పంటలు మీకు దూరంవీ కాదు. జహీరాబాద్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని ఆడవాళ్ళు, ఎక్కువమంది దళిత మహిళలు, వానాధారపు చెలకల్లో జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి వేస్తారు, వాళ్ళకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. తాండూరు కందిపప్పుకి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అటు ఆంధ్రలో రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. ఇంత దగ్గర్లో ఇన్ని పండుతుంటే సముద్రాలు దాటొచ్చిన కినోవాకి మూడింతలు పెట్టడం దేనికో.

ఇక మీ ఉత్తరంలో ఎక్కడా లేని సంగతి. స్ట్రాలున్నాయి, బ్రష్షులున్నాయి, ఫ్యాన్లు లేవు. కరెంటు బిల్లు లేదు. నేను మీ ఇంటికొస్తే ముందు తల ఎత్తి ఫ్యాను చూస్తాను.

పాత మామూలు ఫ్యాను దాదాపు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ అని తక్కువ కరెంటుతో నడిచే మోటారు ఉన్న కొత్తరకం ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. తేడా 45 వాట్లు, వినడానికి ఏమంత లేదు. మీ ఇంట్లో మూడు ఫ్యాన్లు రోజుకి 12 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరుగుతాయనుకుందాం, హైదరాబాద్‌లో అది తక్కువ లెక్కే. తేడా 486 యూనిట్లు వస్తుంది. యూనిట్ ఆరు రూపాయలేసుకున్నా ఏడాదికి 2,900 పైచిలుకు. మన కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గు నుంచే వస్తోంది, యూనిట్‌కి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే ఆ మూడు ఫ్యాన్ల తేడాతోనే ఏటా 340 కిలోలు. స్టీల్ స్ట్రాతో జీవితాంతం కొబ్బరినీళ్ళు తాగినా దీని దరిదాపుల్లోకి రాదు. బాగా తిరిగే ఫ్యాన్లనే మార్చండి, ముందు పడకగది, తర్వాత హాలు. దేవుడి గదిలో పది నిమిషాలు తిరిగే ఫ్యానుని అలాగే ఉండనివ్వండి, పనిచేసే వస్తువుని ఊరికే పీకేసినా నష్టమే.

ఫ్రిజ్, ఏసీ కొనాల్సి వస్తే నక్షత్రాలు ఒక్కటే చూసి వచ్చేయకండి. ఆ లేబుల్ మీద ఏ కాలానికి ఇచ్చిందో ఉంటుంది, ఏడాదికి ఎన్ని యూనిట్లో అంకె కూడా ఉంటుంది. ప్రమాణాలు మధ్యమధ్యలో బిగిస్తుంటారు కాబట్టి పాత స్టాకులోని ఐదు నక్షత్రాలు, కొత్త లెక్కలో నాలుగో మూడో కావచ్చు. అమ్మేవాడు నక్షత్రాలు చూపిస్తాడు, మీరు యూనిట్ల అంకె చదవండి. ఇంటికి తగ్గ సైజు తీసుకోండి, పండక్కి నలుగురొస్తారని పెద్ద ఫ్రిజ్ కొంటే మిగతా 360 రోజులూ ఖాళీని చల్లబరుస్తూ కూర్చుంటాం. ఏసీ ఎలాగూ ఉంటే 24లో పెట్టండి. ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని ఈ నక్షత్రాలిచ్చే కేంద్ర సంస్థ బీఈఈ వాళ్ళే చెబుతారు, దానికి కొనాల్సిందేం లేదు.

మీ అత్తయ్యగారి విషయంలో నేను ఆవిడ పక్షం. పాత ప్లాస్టిక్ డబ్బా పారేసి గాజు సీసా కొంటే చెత్త ఒకటి పెరిగింది, కొత్త వస్తువు ఒకటి పెరిగింది. వేడి పదార్థాలు, నూనెవి వాటిలో పోయకండి, అంతవరకే. ఆవాలు, మెంతులు, బ్యాటరీలు, సూదీదారం, వీటికి ఐస్‌క్రీమ్ డబ్బాకి మించింది లేదు.

మా అమ్మ తెనాల్లో పాల కవర్లు కడిగి వంటింటి కిటికీ ఊచలకి ఆరేసేది. కత్తిరించేటప్పుడు మూల ముక్క పూర్తిగా తెగనిచ్చేది కాదు, చిన్న గాటు పెట్టి వదిలేసేది. పూర్తిగా తెగితే ఆ చిన్న ముక్క ఎక్కడ పడిందో తెలీదు, చీపురుకీ దొరకదు, సింకులో పడి తూము పట్టేస్తుంది. నెలకోసారి ఆ కవర్ల కట్ట పాతసామాన్ల వాడి త్రాసులోకి ఎక్కేది. పర్యావరణం అన్న మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు, కిలోకి ఎంతిస్తాడన్నదే ఆవిడ పట్టింపు. పాలకవరు ఇప్పటికీ కడిగి ఆరబెట్టి ఇస్తే తీసుకునే రకం ప్లాస్టిక్కే. ఈ పని అత్తయ్యగారికి అప్పజెప్పండి, ఆవిడకి ఇప్పటికే వచ్చు.

పాతకాలమే బాగుండేదని పాట పాడటం లేదు. మా అమ్మకి ఉద్యోగం లేదు, పగలంతా ఇంటి చాకిరీయే ఆవిడ ఉద్యోగం. మీరు పొద్దున తొమ్మిదింటికి బయటపడి రాత్రి ఏడింటికి వస్తారు. కుంకుడుకాయలు కొట్టి, సంచులు కుట్టి, చెత్త నాలుగు రకాలుగా ఏరి, ప్యాకెట్ల మీద ముద్రలు చదివి, ఇవన్నీ మీరే చేస్తే నాలుగో నెలకి విసుగొచ్చి అన్నీ వదిలేస్తారు. నేను అలా వదిలేసిన దాన్నే, ఒకసారి కాదు రెండుసార్లు.

అందుకే మీ ఆయన మాటకొద్దాం. ఆయనన్నది సగం నిజం. ఒక్క ఇల్లు మారితే లోకం మారదు, అందుకే ప్యాకింగ్ ప్లాస్టిక్‌ని వెనక్కి సేకరించే బాధ్యత 2022 నిబంధనల్లో కంపెనీల మీదే పెట్టారు, దాన్ని గట్టిగా అడగాల్సింది కూడా మనమే. కానీ ఆయన ఇంకో సగం చెప్పలేదు. ఇద్దరూ సంపాదిస్తున్న ఇంట్లో "నువ్వొక్కదానివి" అనే మాట ఎలా వచ్చింది? చెత్తబుట్ట కాగితం ఆయన్ని రాయమనండి. ఫ్యాన్ల లెక్క ఆయన చేతికివ్వండి, లెక్కలంటే మగవాళ్ళు కాస్త ముందుకొస్తారు, వాదించడానికైనా సరే. కర్రీ పాయింట్ పని మాత్రం తప్పకుండా ఆయనదే కావాలి.

కర్రీ పాయింట్ అని ఎందుకంటున్నానంటే, మీ ఇద్దరి ఉద్యోగాలు చూస్తే వారానికి రెండుసార్లయినా కూరలు బయటినుంచి వస్తాయని నా ఊహ. ఒక్కసారి నిలబడి చూడండి. పొగలు కక్కే సాంబారు గరిటెతో పల్చటి కవరులోకి పోస్తాడు, కవరు ఉబ్బుతుంది, మెడ తిప్పి రబ్బరు బ్యాండు వేసి టక్కున కడతాడు. పప్పు, వేపుడు, సాంబారు, పచ్చడి, పెరుగు, ఇంటికి ఐదారు కవర్లు, వాటిని కలిపి మోయడానికి ఇంకొకటి. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీబ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి అమ్మకూడదు, ఆ బయటి కవరు చాలాసార్లు అంతకంటే పల్చనే. నూనె అంటిన ఈ కవర్లు కడిగినా పాతసామాన్ల వాడు తీసుకోడు. ఒక టిఫిన్ క్యారియర్ పట్టుకెళ్తే మొత్తం తప్పుతుంది, వేడి సాంబారు ప్లాస్టిక్‌లో కూర్చోవడమూ తప్పుతుంది. ఒక చిక్కుంది: ఏడున్నర దాటితే అన్నీ కట్టి వరసగా పెట్టేస్తారు, అప్పుడు గిన్నె చాపితే కట్టిన కవరు విప్పి అందులో పోసిస్తారు, కవరు అక్కడే బుట్టలో పడుతుంది. కాబట్టి ఏడు లోపు వెళ్ళాలి, లేదా ముందే ఫోన్ చేసి కట్టొద్దని చెప్పాలి. నాలుగుసార్లు వెళ్తే గుర్తుపడతారు. మా సందులో అతను క్యారియర్ చూస్తే ఒక గరిటె ఎక్కువే పోస్తాడు, కవరుకైతే కొలత ఉంది, గిన్నెకి లేదట.

బట్టల గురించి మీరడగలేదు, ఒక్క మాటలో చెబుతాను: సేల్‌లో మూడు కొనే బదులు నచ్చినది ఒకటి కొనండి, పిల్లల బట్టలకి మడత ఎక్కువ వదిలి కుట్టించుకోండి, మంగళగిరిదో నారాయణపేటదో నేత చీర కొంటే హ్యాండ్‌లూమ్ మార్క్ చూడండి, మరమగ్గం చీరనే చేనేత అని అంటగట్టేవాళ్ళు తక్కువేం లేరు.

ఇక పుట్టినరోజు. పేపర్ ప్లేటు, పేపర్ కప్పు అంటాం గానీ లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేకపోతే సాంబారుకి నిలవదు. 2020లో ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు పరీక్షిస్తే పేపర్ కప్పులో 15 నిమిషాలు ఉంచిన 100 మిల్లీలీటర్ల వేడి నీళ్ళలోకి దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరాయి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, బెలూన్ పుల్లలు, అలంకరణ థర్మాకోల్, ఇవి 2022 జులై 1 నుంచి నిషేధం, అయినా అమ్ముతున్నారు కాబట్టి డెకరేషన్ వాళ్ళకి ముందే చెప్పండి.

ఇందులో నేనూ దెబ్బతిన్నాను. మా గృహప్రవేశానికి "అరటాకు విస్తర్లు" అని 150 కొన్నాను, ఆకు ఈనెలతో సహా అచ్చు దిగినట్టు ఉన్నాయి. భోజనాలయ్యాక ఎరువు గుంతలో వేస్తే ఆరు నెలల తర్వాత తవ్వినప్పుడు పైన కాగితం పోయి ఆకుపచ్చ ప్లాస్టిక్ పొర మాత్రం చెక్కుచెదరకుండా వచ్చింది, ఈనెలు కూడా అలాగే ఉన్నాయి. అడిగితే షాపతను "ఎకో అని రాసుంది కదమ్మా" అన్నాడు. అప్పటినుంచి విస్తరి కొనేటప్పుడు అంచు చించి చూస్తాను. మోదుగాకుదో అడ్డాకుదో అయితే పుల్లలతో కుట్టి ఉంటుంది, చిట్లుతుంది. పొర సాగితే పక్కన పెట్టేస్తాను.

అరవై మందికి మీకు సులువు దారి టెంట్ హౌస్. స్టీల్ ప్లేట్లు, గ్లాసులు అద్దెకిస్తారు, కడిగే మనిషిని కూడా మాట్లాడుకోవచ్చు, ఆమెకి విడిగా సరైన డబ్బివ్వండి. సిద్దిపేట జిల్లాలో ఊళ్ళకి ఊళ్ళే మహిళా సంఘాల చేతుల్లో స్టీల్ బ్యాంకులు పెట్టుకుని ఫంక్షన్లకి సామాను ఇచ్చుకుంటున్నాయి. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో ఈ మాట ఎత్తండి, తలా 300 వేసుకుంటే వంద ప్లేట్లు వస్తాయి, క్లబ్‌హౌస్ బీరువాలో పడుంటాయి. రిటర్న్ గిఫ్టుల్లో ప్లాస్టిక్ పెన్సిల్ బాక్సులు మానేసి తలా ఒక కథల పుస్తకం ఇవ్వండి, లేదా ఏమీ ఇవ్వకండి. పెద్దవాళ్ళకి తాంబూలంలో జాకెట్ ముక్క పెట్టాలంటారా, నిశ్చింతగా పెట్టండి, అది ఎలాగూ ఇరవై ఇళ్ళు తిరిగి మళ్ళీ మీ ఇంటికే వస్తుంది. ఆ విషయంలో మన ఆడవాళ్ళకి ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు.

వారం తర్వాత ఫ్రిజ్ మీది కాగితంలో ఏం తేలిందో రాయండి. కొత్తిమీర ఉంటుందని నా పందెం.